సంఖ్య తెలియని ఆర్గ్యుమెంట్లు: 'సి' భాషలో ఒక సమస్య చరిత్ర, తెలుగు అనువాదంపై దాని ప్రభావం

వ్యాససంగ్రహం

ప్రోగ్రామింగ్ భాషల్లో ఒక ఫంక్షన్‌కు ఎన్ని విలువలు పంపాలన్నది సాధారణంగా దాని నిర్వచనంలోనే నిర్ణయమై ఉంటుంది. ఆ సంఖ్యను ఫంక్షన్‌ను పిలిచే సందర్భానికి విడిచిపెట్టే పద్ధతి ఫోర్ట్రాన్ తొలినాళ్ల నుంచి ఉన్నా, దానికి విస్తృత ప్రచారం కల్పించింది 'సి' భాషలోని ప్రింట్ఎఫ్. ఈ వ్యాసం ఆ పద్ధతి పుట్టుకను, అందులోని మౌలికమైన లోటును, ఆ లోటు భద్రతా సమస్యగా మారిన తీరును వివరిస్తుంది. అదే లోటు సాఫ్ట్‌వేర్ సందేశాలను తెలుగులోకి తెచ్చే అనువాదకుడి చేతులను ఎక్కడ కట్టివేస్తున్నదో చివరి భాగంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫంక్షన్, ఆర్గ్యుమెంట్, ప్రింట్ఎఫ్, సి భాష, స్టాక్, స్థానికీకరణ, విభక్తి, పదక్రమం

1. ప్రవేశిక

ఫంక్షన్‌ను తెలుగు గణిత పాఠ్యపుస్తకాలు 'ప్రమేయం' అంటాయి. వర్గమూలం కనుగొనే ప్రమేయానికి ఒక సంఖ్య చాలు. ఘాతానికి రెండు కావాలి. అయితే 'ఇచ్చిన వాటిలో పెద్దది ఏది' అని అడిగే ప్రమేయానికి సంఖ్యాపరిమితి పెట్టడం అసహజం. రెండింటిలో పెద్దదాన్ని చెప్పగలిగినది ఇరవైలోనూ చెప్పగలగాలి. ఒక వాక్యంలో కొన్ని విలువలను పొదిగి అచ్చువేసే ఫంక్షన్ కూడా ఇటువంటిదే. ఒక సందేశంలో ఒక్క పేరు ఉంటుంది, మరొక సందేశంలో పేరు, తేదీ, మొత్తం ఉంటాయి.

సహజభాషకు ఇది సమస్యే కాదు. ద్వంద్వ సమాసం 'రామలక్ష్మణులు' అని ఇద్దరితో ఆగవచ్చు, 'రామలక్ష్మణభరతశత్రుఘ్నులు' అని నలుగురి దాకా సాగవచ్చు. రెండోదాన్ని వైయాకరణులు బహుపద ద్వంద్వమన్నారు గాని దానికోసం మరొక సూత్రయంత్రాంగాన్ని నిర్మించలేదు. 'ఇంద్రాదులు' అన్నప్పుడు ఆ 'ఆది' శబ్దం తర్వాత ఎందరున్నారో వక్త చెప్పడు. శ్రోత తన లోకజ్ఞానంతో పూరించుకుంటాడు. యంత్రానికి లోకజ్ఞానం లేదు. పంపినవి ఎన్ని, అవి ఏ రకానివి అన్న రెండు ప్రశ్నలకు ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు చెప్పే బాధ్యత ఎవరిదన్న విషయంలో ఆరు దశాబ్దాలకు పైగా జరిగిన మార్పులే ఈ చరిత్ర.

2. భాషకు దక్కిన వెసులుబాటు

ఐబిఎం 1957లో విడుదల చేసిన తొలి ఫోర్ట్రాన్‌లోనే గరిష్ఠ, కనిష్ఠ విలువలను చెప్పే అంతర్నిర్మిత ఫంక్షన్లు ఉన్నాయి. వాటికి రెండుకు తగ్గకుండా ఎన్ని విలువలైనా ఇవ్వవచ్చు. పిలుపు ఎక్కడ రాసి ఉన్నా కంపైలర్ దాన్ని నేరుగా చూస్తుంది, విలువలను లెక్కిస్తుంది, తగిన యంత్రసూచనలను ఉత్పత్తి చేస్తుంది. ప్రోగ్రామర్ తానుగా ఉపప్రోగ్రాములు రాసుకునే సౌకర్యం 1958లో రెండో ఫోర్ట్రాన్‌తో వచ్చింది. అప్పుడు ఈ వెసులుబాటు మాత్రం అతనికి అందలేదు. నిక్లాస్ విర్త్ 1970లో రూపొందించిన పాస్కల్‌లోనూ ఇదే వైఖరి కనిపిస్తుంది. అందులోని 'రైట్' ఎన్ని విలువలనైనా స్వీకరిస్తుంది, కాని అటువంటి ప్రొసీజర్‌ను పాస్కల్‌లో మరొకరు రాయలేరు. భాషను నిర్మించినవారికి ఉన్న హక్కు భాషను వాడేవారికి లేదు.

జాన్ మెకార్థీ లిస్ప్ దారి వేరు. అందులో ప్రోగ్రామే ఒక జాబితా. పిలుపు కూడా జాబితానే. జాబితాకు అంతం ఎక్కడో ఎప్పుడూ తెలుస్తుంది కనుక 'ఎన్ని' అన్న ప్రశ్న అక్కడ పుట్టుకతోనే పరిష్కృతమైంది. 1962 నాటి లిస్ప్ 1.5లో కూడిక, గుణకారం వంటివి ఎన్ని సంఖ్యలనైనా తీసుకునేవి. తర్వాతి మాక్‌లిస్ప్‌లో 'లెక్స్‌పర్' అనే ఫంక్షన్ రకం ఏర్పడింది. పంపిన విలువల సంఖ్య దాని పరామితికి వచ్చి చేరేది, 'మూడో విలువ ఇవ్వు' అని అడిగి తీసుకోవడం మరొక సూచనతో జరిగేది. కామన్ లిస్ప్ ఈ రెండంచెల ఏర్పాటును తీసివేసి, మిగిలిన విలువలన్నిటినీ 'రెస్ట్' అన్న గుర్తు కింద ఒక జాబితాగా అందించింది. ఒక చిన్న వివరం ఇక్కడ గమనార్హం: ఒక పిలుపులో కనీసం 50 ఆర్గ్యుమెంట్లనైనా అనుమతించాలని కామన్ లిస్ప్ నిర్దేశించింది. అనంతమని చెప్పుకునే చోట కూడా యంత్రం ఒక హద్దు కోరుతుందని ఆ నియమం ఒప్పుకుంటున్నది.

3. పక్కపక్కనే ఉన్న గదులు

ప్రింట్ఎఫ్ వంశవృక్షం లిస్ప్ వైపు నుంచి రాలేదు. దాని పూర్వరూపం మార్టిన్ రిచర్డ్స్ 1967లో రూపొందించిన బీసీపీఎల్‌లోని 'రైట్ఎఫ్'. బీసీపీఎల్‌లో విలువలకు రకాలు లేవు. పూర్ణాంకమైనా, అక్షరమైనా, చిరునామా అయినా యంత్రంలో ఒకే పరిమాణం గల ఒక పదం. ఫంక్షన్‌కు పంపిన విలువలు మెమరీలో వరుస గదుల్లో కూర్చుంటాయి. మొదటి గది చిరునామా తెలిస్తే ఒక్కొక్క అడుగు ముందుకు వేస్తూ మిగిలినవాటిని చేరుకోవచ్చు. నిర్వచనంలో ఉన్నవాటికంటే ఎక్కువ పంపినా, తక్కువ పంపినా భాష అభ్యంతరం చెప్పదు.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ తయారుచేసిన 'బి' భాష ఈ స్వభావాన్ని యథాతథంగా స్వీకరించింది. 1972 నాటి 'బి' వినియోగ పత్రంలో ప్రింట్ఎఫ్ మొత్తం పాఠం లభిస్తుంది. ఆకృతి వాక్యం తర్వాత తొమ్మిది పరామితులకు వరుసగా పేర్లు పెట్టారు. ఆ తొమ్మిదింటిలో మొదటిదాన్ని తప్ప మిగిలిన వాటిని పేరుతో ఎక్కడా వాడలేదు. మొదటిదాని చిరునామాను పట్టుకుని, ఆకృతి వాక్యంలో శాతం గుర్తు కనిపించినప్పుడల్లా ఒక గది ముందుకు జరగడమే అందులోని పని. పిలిచినవారు ఇద్దరినే పంపి ఉంటే మూడో గదిలో ఏముందన్న చింత ఆ ఫంక్షన్‌కు లేదు. ఆకృతి వాక్యం అడగకపోతే అటు చూడదు, అడిగితే చూస్తుంది. మొత్తం ఏర్పాటు ఆకృతి వాక్యం నిజాయితీ మీద ఆధారపడి ఉంది. ఈ నమ్మకం తర్వాతి చరిత్రకంతటికీ బీజం.

'బి' నుంచి డెన్నిస్ రిచీ 'సి'ని రూపొందించినప్పుడు భాషలోకి రకాలు ప్రవేశించాయి. దశాంశ సంఖ్య పూర్ణాంకం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక గదులన్నీ ఒకే పరిమాణంలో లేవు. ప్రింట్ఎఫ్ మాత్రం పాత పద్ధతిలోనే కొనసాగింది. అందుకోసం రెండు ఒప్పందాలు అవసరమయ్యాయి. విలువలను స్టాక్ మీదికి కుడి నుంచి ఎడమకు నెట్టాలన్నది మొదటిది. అలా నెట్టితే ఎన్ని పంపినా మొదటి ఆర్గ్యుమెంట్, అంటే ఆకృతి వాక్యం, ఎప్పుడూ తెలిసిన చోటనే దొరుకుతుంది. పని ముగిశాక స్టాక్‌ను శుభ్రపరిచే బాధ్యత పిలిచినవారిదే అన్నది రెండోది. ఎన్ని పంపారో పిలిచినవారికే తెలుసు మరి. పాస్కల్ సంప్రదాయంలో ఆ బాధ్యత పిలవబడిన ఫంక్షన్‌ది. విండోస్ తన వ్యవస్థా ఫంక్షన్లకు ఈ రెండో మార్గాన్నే ఎంచుకుంది, అయితే వాక్యాన్ని ఆకృతీకరించే 'డబ్ల్యూస్ప్రింట్ఎఫ్'ను మాత్రం సి ఒప్పందం కిందే ఉంచవలసి వచ్చింది.

4. లెక్క తెలుసుకునే ప్రయత్నాలు

ఎన్ని విలువలు వచ్చాయో ఫంక్షనే తెలుసుకోలేదా? ఆరో సంచిక యూనిక్స్‌లో దీనికోసం 'నార్గ్స్' అనే సదుపాయం ఉండేది. దాని పనితీరు చమత్కారమైనది. పిలుపు ముగిశాక స్టాక్‌ను శుభ్రం చేయడానికి పిలిచినవారు ఒక యంత్రసూచన రాసుకుని ఉంటారు. నార్గ్స్ వెనక్కి వెళ్లి ఆ సూచనను చదివి, ఎంత చోటు ఖాళీ చేయబోతున్నారో చూసి, దాన్నిబట్టి ఎన్ని వచ్చాయో ఊహిస్తుంది. భోజనానికి ఎందరు వచ్చారో ఎత్తిన విస్తళ్లను బట్టి లెక్కకట్టడం వంటిది ఇది. అయితే అది లెక్కించేది పదాలను, ఆర్గ్యుమెంట్లను కాదు. ఒక దశాంశ సంఖ్య వస్తే లెక్క తారుమారవుతుంది. పీడీపీ-11 యంత్రాల్లో సూచనలకు, దత్తాంశానికి వేర్వేరు చోట్లు కేటాయించే విధానం వచ్చాక సూచనలను దత్తాంశంగా చదవడమే కుదరక నార్గ్స్ నిరుపయోగమైంది. 1978లో కెర్నిగన్, రిచీ తమ గ్రంథంలో, అనియతసంఖ్యలో ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షన్‌ను అన్ని యంత్రాలకూ సరిపడేలా రాసే తృప్తికరమైన మార్గం లేదని అంగీకరించారు. తమ భాషలో అత్యధికంగా వాడే ఫంక్షన్ గురించి ఆ భాషాకర్తలే రాసిన మాట ఇది.

1989 నాటి అమెరికన్ ప్రమాణం మూడు చుక్కలను భాషలో భాగం చేసింది. ఫంక్షన్ శీర్షికలో రకాలను ప్రకటించే పద్ధతి సి++ నుంచి వచ్చింది, ఆ చుక్కలూ దానితోనే వచ్చాయి. తెలుగు గద్యంలో వాక్యాన్ని పూరించే పని పాఠకుడికి వదలడానికి వాడే గుర్తు, ఇక్కడ తనిఖీ చేసే పనిని కంపైలర్ వదిలేసిందనడానికి గుర్తయింది. చుక్కలకు ముందు కనీసం ఒక పేరున్న పరామితి ఉండాలని ప్రమాణం కోరింది, ఎందుకంటే నడక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. 2024లో ప్రచురితమైన ప్రమాణం, అంటే సి23, ఆ నిబంధనను ఎత్తివేసింది.

చుక్కల ప్రాంతంలోకి వెళ్లిన విలువలకు ఒక రూపాంతరం కూడా తప్పనిసరి. అక్షరం పూర్ణాంకంగా, చిన్న దశాంశ సంఖ్య పెద్ద దశాంశ సంఖ్యగా మారి ప్రయాణిస్తాయి. రకాలు లేని 'బి' కాలపు ఏకరూప గదుల జ్ఞాపకంగా ఈ నియమాన్ని చూడవచ్చు.

ఇంత చేసినా 'ఎన్ని' అన్న ప్రశ్నకు ప్రమాణం జవాబివ్వలేదు. విలువలను ఒకటొకటిగా తీసుకునే సాధనాలను ఇచ్చిందే గాని ఎక్కడ ఆగాలో చెప్పే సాధనాన్ని ఇవ్వలేదు. ప్రింట్ఎఫ్ ఆకృతి వాక్యాన్ని నమ్ముతుంది. యూనిక్స్‌లో మరొక ప్రోగ్రామును నడిపే 'ఎగ్జెక్ఎల్' చివర ఒక శూన్య చిరునామా ఉంటుందని నమ్ముతుంది. అక్కడ శూన్య చిరునామాకు బదులు మామూలు సున్నాను పంపడం 32 బిట్ల యంత్రాల్లో చాలాకాలం నిరపాయంగా సాగింది. చిరునామా, పూర్ణాంకం వేర్వేరు పరిమాణాలుగా ఉన్న 64 బిట్ల యంత్రాల్లో అదే అలవాటు దోషమైంది.

వరుస గదులన్న ఊహ కూడా క్రమంగా చెదిరిపోయింది. ఏఎండీ64 యంత్రాలపై యూనిక్స్ తరహా వ్యవస్థల్లో మొదటి ఆరు పూర్ణాంకాలు, మొదటి ఎనిమిది దశాంశాలు స్టాక్‌కు వెళ్లకుండా రిజిస్టర్లలోనే ప్రయాణిస్తాయి. అనియతసంఖ్యాక ఫంక్షన్‌ను పిలిచే ప్రతిసారీ, దశాంశ రిజిస్టర్లు గరిష్ఠంగా ఎన్ని వాడారో 'ఏఎల్' అన్న చిన్న రిజిస్టర్‌లో రాసి పంపాలి. ఇంతకాలం చెప్పనక్కరలేదనుకున్న లెక్క పాక్షికంగానైనా చెప్పవలసి వచ్చిందన్నమాట. ఆపిల్ తన ఆర్మ్ 64 బిట్ల యంత్రాల్లో మరొక దారి పట్టింది: చుక్కల ప్రాంతంలోని విలువలన్నీ స్టాక్ మీదికే. అందువల్ల మామూలు ఫంక్షన్‌ను, చుక్కల ఫంక్షన్‌ను ఒకదానికొకటిగా ప్రకటించి వాడిన పాత ప్రోగ్రాములు అక్కడ విఫలమయ్యాయి.

5. నమ్మకం విఫలమైన చోటు

ఆకృతి వాక్యాన్ని ప్రోగ్రామర్ రాసినంతకాలం ఈ ఏర్పాటు ఎలాగో నడిచింది. వినియోగదారు టైపు చేసిన మాటలను నేరుగా ఆకృతి వాక్యం స్థానంలో ఉంచితే ఏమవుతుంది? ఆ మాటల్లో శాతం గుర్తులు ఉంటే ప్రింట్ఎఫ్ వాటిని ఆజ్ఞలుగా భావిస్తుంది, పంపని ఆర్గ్యుమెంట్ల కోసం స్టాక్‌లోకి వెళ్లి, అక్కడున్నదాన్ని తెచ్చి చూపుతుంది. 1990లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బార్టన్ మిల్లర్ బృందం యాదృచ్ఛిక అక్షరాలతో యూనిక్స్ ప్రోగ్రాములను పరీక్షించి ప్రచురించిన పత్రంలో 'సి షెల్' కూలిపోయిన తీరు ఇటువంటిదే. ఉరుములు మెరుపుల రాత్రి టెలిఫోను తీగలో దూరిన చెత్త అక్షరాలతో ప్రోగ్రాములు కూలడం చూసి మొదలైన పరిశోధన అది. అప్పటికి దాన్ని సాధారణ దోషంగానే చూశారు.

పదేళ్ల తర్వాత పరిస్థితి మారింది. ప్రింట్ఎఫ్‌కు %ఎన్ అనే సంకేతం ఒకటి ఉంది. అది అచ్చువేయదు. అప్పటివరకు ఎన్ని అక్షరాలు వెలువడ్డాయో ఆ సంఖ్యను ఇచ్చిన చిరునామాలో రాస్తుంది. చదవడానికే అనుకున్న దారిలో రాయడానికి కూడా వీలుందని గ్రహించినవారు 2000 జూన్‌లో 'డబ్ల్యూయూ-ఎఫ్‌టీపీడీ' అనే ఫైలు బదిలీ సర్వర్‌పై ఆ మార్గాన్ని ప్రయోగించి, సర్వర్‌ను పూర్తిగా స్వాధీనం చేసుకునే విధానాన్ని బయటపెట్టారు. ఆ తర్వాత అనేక ప్రోగ్రాముల్లో ఇదే దోషం బయటపడింది. 2001లో వచ్చిన 'ఫార్మాట్‌గార్డ్' అనే రక్షణవిధానం కంపైలర్ ముందుదశలోనే ఆర్గ్యుమెంట్లను లెక్కించి, ఆ లెక్కను ఆకృతి వాక్యంలోని సంకేతాలతో పోల్చేది. నార్గ్స్ సాధించలేని పనిని మరొక ద్వారం నుంచి చేసిన ప్రయత్నమిది. జీసీసీ కంపైలర్ ఆకృతి వాక్యాన్ని చదివి హెచ్చరించే పద్ధతి నేడు సర్వసాధారణం. అయినా 2021 జూన్‌లో శాతం గుర్తులతో కూడిన ఒక వైఫై పేరు ఐఫోన్ల వైఫై సౌకర్యాన్నే స్తంభింపజేసింది.

తర్వాతి భాషలు దాదాపు అన్నీ లిస్ప్ దారికి మళ్లాయి. 2004లో జావా 5 చుక్కలను స్వీకరించింది గాని వాటి వెనుక ఒక అర్రేను ఉంచింది, అర్రేకు తన పొడవు తెలుసు. పైథాన్‌లో నక్షత్రం గుర్తు, జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచి మూడు చుక్కలు ఇదే పని చేస్తున్నాయి. 2011 నాటి సి++ రకాలతో సహా లెక్కను కంపైలర్‌కే అప్పగించింది. గో భాషలో ఒక విలువ తక్కువైతే స్టాక్‌లోకి తొంగిచూడడం ఉండదు, అచ్చయిన వాక్యంలోనే 'మిస్సింగ్' అన్న మాట కనిపిస్తుంది.

6. తెలుగు అనువాదకుడి ముందున్న వాక్యం

గ్నోమ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే అనువాదకుడికి ప్రోగ్రాము కనిపించదు. 'గెట్‌టెక్స్ట్' అనే సాధనం ప్రోగ్రాములోంచి ఇంగ్లీషు వాక్యాలను ఏరి ఒక జాబితాగా ఇస్తుంది. వాటిలో చాలావరకు ఆకృతి వాక్యాలే. పైన వివరించిన చరిత్ర మొత్తం ఆ శాతం గుర్తుల్లో దాగి అతని ముందుకు వస్తుంది.

'మొత్తం పది ఫైళ్లలో మూడు పూర్తయ్యాయి' అన్న సందేశాన్ని చూద్దాం. ఇంగ్లీషులో మూడు ముందు, పది తర్వాత. తెలుగులో ఆధారం ముందు రావాలి: 'పది ఫైళ్లలో మూడు'. అనువాదకుడు '%డి ఫైళ్లలో %డి' అని సహజంగా రాస్తే, ఆర్గ్యుమెంట్లు ఇంగ్లీషు వరుసలోనే వస్తాయి కనుక తెరమీద '3 ఫైళ్లలో 10' అని పడుతుంది. రెండూ పూర్ణాంకాలే కావడంతో ఏ తనిఖీ సాధనమూ దీన్ని పట్టుకోలేదు. ఒకటి సంఖ్య, మరొకటి పేరు అయిన సందేశంలో ఇలా తారుమారు చేస్తే ప్రోగ్రాము కూలిపోయే ప్రమాదముంది. గెట్‌టెక్స్ట్‌లోని తనిఖీ ఆ రెండో రకం తప్పును మాత్రమే చూపుతుంది.

దీనికి విరుగుడుగా యూనిక్స్ ప్రమాణాల్లో వరుససంఖ్యల పద్ధతి వచ్చింది. '%2$డి ఫైళ్లలో %1$డి' అని రాస్తే రెండోది ముందు, మొదటిది తర్వాత అచ్చవుతాయి. పదక్రమం భిన్నంగా ఉన్న భాషలన్నిటికీ ఇది ఊరట. కాని పోసిక్స్ ప్రమాణం దీనికొక షరతు పెట్టింది: మూడో ఆర్గ్యుమెంట్‌ను పేర్కొంటే మొదటిదాన్ని, రెండోదాన్ని కూడా వాక్యంలో ఎక్కడో ఒకచోట పేర్కొనాలి. నడుమ ఒకటి వదలరాదు. కారణం స్పష్టం. మూడో విలువ దగ్గరికి నడిచి వెళ్లాలంటే రెండోది ఏ రకానిదో తెలియాలి, ఆ రకాన్ని చెప్పేది ఆకృతి వాక్యం ఒక్కటే.

ఈ షరతు తెలుగుకు ఎక్కడ తగులుతుందో పాత ప్రోగ్రాముల్లో కనిపించే ఒక అలవాటు చూపుతుంది. ఇంగ్లీషు బహువచనం చాలావరకు చివరి 'ఎస్' అక్షరమే కనుక ప్రోగ్రామర్లు సంఖ్యను ఒక ఆర్గ్యుమెంట్‌గా, ఆ అక్షరాన్ని (ఏకవచనమైతే ఖాళీని) రెండోదిగా, ఫోల్డర్ పేరును మూడోదిగా పంపేవారు. తెలుగులో 'ఫైలు', 'ఫైళ్లు' మధ్య తేడా ఒక అక్షరాన్ని అతికించడంతో తీరేది కాదు, 'లు' ప్రత్యయానికి ముందు ప్రాతిపదికే మారుతుంది. అనువాదకుడికి రెండో ఆర్గ్యుమెంట్ అక్కరలేదు. దాన్ని వదిలితే మూడోదానికి దారి లేదు. వదలకపోతే తెలుగు వాక్యం మధ్యలో ఒక రోమన్ అక్షరం మొలుస్తుంది. తప్పు అనువాదకుడిది కాదు. మొత్తం వాక్యాన్నే ఏకవచనానికి ఒకటి, బహువచనానికి ఒకటి చొప్పున రాయించే ఏర్పాటు గెట్‌టెక్స్ట్‌లో వచ్చాక మాత్రమే ఇది తీరింది, అదీ ప్రోగ్రామర్ దాన్ని వాడినప్పుడే. క్రమసంఖ్యల విషయంలో మాత్రం తెలుగుదే పైచేయి. ఇంగ్లీషుకు నాలుగు ప్రత్యయాలు కావలసిన చోట తెలుగుకు ఒక్క 'వ' చాలు.

ఈ సందర్భంలో విభక్తుల ప్రస్తావన అప్రస్తుతం కాదు. 'రాముడు సీతకు పండును ఇచ్చాడు' అన్న వాక్యంలో పదాల వరుసను ఎలా మార్చినా ఎవరు ఎవరికి ఇచ్చారో చెడదు. కర్తృత్వాన్ని, సంప్రదానాన్ని, కర్మను చెప్పేది స్థానం కాదు, విభక్తి. ప్రింట్ఎఫ్ స్థానాన్ని నమ్ముకున్న వ్యవస్థ, ఆ అర్థంలో అది ఇంగ్లీషు వాక్యానికి దగ్గర. పైథాన్‌లో ఆకృతి వాక్యంలోని ఖాళీలకు పేర్లు పెట్టే పద్ధతి ఉంది. 'సంఖ్య', 'ఫోల్డరు' అన్న పేర్లతో విలువలు వస్తే అనువాదకుడు వాటిని ఏ వరుసలోనైనా పెట్టవచ్చు, అక్కరలేనిదాన్ని నిరపాయంగా వదిలివేయవచ్చు. మధ్యలో నడవవలసిన గదులే లేవు. విభక్తి ప్రత్యయం చేసే పనికి ఇది చాలా దగ్గరి పోలిక.

పోలిక అక్కడితో ఆగుతుంది. పేరు పెట్టినంతమాత్రాన ఖాళీలోకి వచ్చే విలువ తెలుగు నామవాచకంలా ప్రవర్తించదు. ఇకారాంతానికి 'కి', ఇతరాలకు 'కు' చేర్చడం వ్యాకరణ సంప్రదాయం: హరికి, గురువుకు. ఖాళీలో ఏ పేరు పడుతుందో తెలియనప్పుడు దాని పక్కన ఏది రాయాలి? 'ఇల్లు' అన్న పేరున్న ఫోల్డర్‌కు 'లో' చేర్చితే 'ఇంటిలో' కావాలి, యంత్రం 'ఇల్లులో' అంటుంది. 'రాముడు' పడితే ఔపవిభక్తికం లేకుండా 'రాముడుకు' వస్తుంది. అందువల్లనే ఇటువంటి చోట్ల ఖాళీని ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచి, పక్కన 'అనే ఫోల్డరు', 'అనే ఫైలు' అని ఒక స్థిరమైన నామాన్ని చేర్చి, విభక్తిని ఆ నామానికి తగిలించడం ఉత్తమం. వాక్యం కొంత సాగుతుంది. కాని ఖాళీలో ఏ పేరు వచ్చినా 'ఫోల్డరులో', 'ఫైలుకు' అన్న రూపాలు చెడవు.